నేనే ఇచ్చాను, మళ్ళీ ఇస్తాను

కిందటి నెలలో బందరులో మా అబ్బాయి చదివే బడికి వెళ్ళాను. కొత్తగా కట్టిన లైబ్రరీ గదికి ప్రారంభోత్సవం, తల్లిదండ్రులందరూ రావాలన్నారు. రిబ్బను కత్తిరించి తలుపు తీయగానే లోపలి నుంచి వార్నిషు వాసన, దాని వెనకే కలరా ఉండల ఘాటు వచ్చి ముక్కుకు తగిలాయి. గోడ పొడుగునా అద్దాల బీరువాలు, వాటిలో అట్టలు మెరుస్తున్న పుస్తకాలు, ప్రతి బీరువాకూ ఓ ఇత్తడి తాళం. ఫొటోలు తీసుకోవడం అయ్యాక, పిల్లలకు వీటిని ఏ రోజున ఇస్తారండీ అని అక్కడున్న మాస్టారిని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, ఇస్తే పోతాయి కదండీ, పోతే జవాబు చెప్పుకోవలసింది నేనే కదండీ అన్నాడు. మంచి మనిషే, ఉన్నమాటే చెప్పాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళిచ్చిన కాఫీ తాగకుండానే బయటికి వచ్చేశాను. కలరా ఉండల వాసన ఇంటిదాకా నన్ను వదల్లేదు. దాన్ని మొదటిసారి పీల్చిననాడు నాకు పన్నెండో పదమూడో ఏళ్ళు. నా పక్కన మా సలోమి టీచరు గారు నిలబడి, కోపంతో రగిలిపోతున్నారు.

మా ఊరు నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రం వైపు ఉంటుంది. పేరు రాయను. నేను చెప్పబోయే హెడ్మాస్టరు గారి పిల్లలూ మనవలూ ఈ జిల్లాలోనే ఉన్నారు, వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. మాది వేటకు వెళ్ళే ఇల్లు. నాన్న పడవ మీద సముద్రానికి వెళ్తే, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని నాగాయలంక బజారుకు వెళ్ళేది. ఇంట్లో అచ్చు కాగితం అంటే గోడకున్న క్యాలెండరు, చేపలు చుట్టి ఇవ్వడానికి అమ్మ కొనుక్కొచ్చే పాత పేపర్లు, అంతే. ఆ పేపర్లు చదవడం నాకు పిచ్చి. సగం చిరిగిన వార్త చదివి, మిగతా సగంలో ఏం జరిగి ఉంటుందో నేనే కల్పించుకునేదాన్ని. అలాంటి పిల్లకు, తను చదివే బడిలో ఒక బీరువా నిండా కథల పుస్తకాలున్నాయని ఎనిమిదో తరగతి దాకా తెలియదు. ఆ చెక్క బీరువా హెడ్మాస్టరు గారి గదిలో, ఆయన కుర్చీ వెనక, ఎప్పుడూ తాళం వేసి ఉండేది. అందులో పరీక్ష పేపర్లు దాస్తారని మేమందరం అనుకునేవాళ్ళం.

సలోమి టీచరు గారు మాకు సోషల్ చెప్పడానికి వచ్చారు. గుడివాడ మనిషి. భర్తకు అక్కడ సైకిలు షాపు ఉండేది, ఒక్కతే కూతురు తండ్రి దగ్గరే చదువుకునేది. ఆవిడ వారమంతా మా ఊళ్ళో ఓ గది అద్దెకు తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కేవారు. పొట్టిగా ఉండేవారు గాని నడిస్తే పెద్ద పెద్ద అంగలు. చంకలో గొడుగు, భుజాన సంచి, ఆ సంచిలో ఎప్పుడూ ఓ పుస్తకం. బస్సు కోసం నిలబడి చదివేవారు, ఇంటర్వెల్లో చదివేవారు, అన్నం తింటూ ఎడమచేత్తో పేజీ తిప్పేవారు. ఆడమనిషి దారిలో నిలబడి చదువుకోవడం మా ఊరు అప్పటిదాకా చూడలేదు. మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు.

వచ్చిన కొద్ది రోజులకే ఆవిడ బీరువా సంగతి కనిపెట్టారు. లైబ్రరీ బాధ్యత అంటే టీచర్లందరూ తప్పించుకు తిరిగే పని. దాన్ని నాకివ్వండి అని ఆవిడే వెళ్ళి అడిగితే హెడ్మాస్టరు గారు తెల్లబోయారట. పుస్తకాలు అప్పజెప్పినట్టు సంతకం పెట్టించుకున్నాక ఓ సలహా కూడా ఇచ్చారట. "సంతకం అయిపోయింది కదమ్మా, ఇక దాన్ని తెరవకుండా ఉంచండి. మీ ముందు మాస్టారు అలాగే ఉంచి, ఏ గొడవా లేకుండా రిటైరయ్యాడు." ఈ మాట తర్వాత ఆవిడే మాకు చెప్పారు. ఆ హెడ్మాస్టరును నేను గారు, గారు అని రాస్తున్నాను గాని, అది అలవాటు వల్ల వస్తున్న మర్యాద మాత్రమే.

మర్నాడు నన్నూ, నా బెంచీలో కూర్చునే కోటేశ్వరినీ సాయానికి పిలిచి ఆ తాళం తీశారు. కలరా ఉండల ఘాటుకు మాకు కళ్ళు మండాయి. పై అరల్లోని పుస్తకాలు కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, కొన్నింటికి పేజీలు కూడా విడిపోలేదు. కింది అర మొత్తం చెదలు తినేసింది. టీచరు గారు ఓ పుస్తకం అందుకోబోతే అది ఆవిడ చేతిలో మట్టిలా రాలింది. ఆ మట్టిని అరచేతిలో పట్టుకుని ఆవిడ మా వైపు తిరిగారు.  ఏడుస్తారేమో అనుకున్నాను.

"ఇవి ఎవరి కోసం కొన్నారే?" అని మమ్మల్ని అడిగారు.

 మా కోసం కూడా ఎవరైనా ఏదైనా కొంటారన్న ఆలోచన మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు. "చెదలకి పెట్టారు గాని మీకు పెట్టలేదు" అన్నారావిడ. ఓ పెద్ద మనిషికి నా తరఫున అంత కోపం రావడం నేను చూడడం అదే మొదలు. మా మీద కోప్పడేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు. మా కోసం కోప్పడే మనిషి ఈవిడ ఒక్కతే.

ఆ వారం నుంచి పుస్తకాలు మా చేతుల్లోకి వచ్చాయి. బడిలో కూర్చుని చదివి ఇచ్చెయ్యడం కాదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల ఓ తెల్ల కాగితం అంటించారు. చదివినవాళ్ళు దాని మీద పేరు రాసి, పక్కన ఒక్క మాట రాయాలి. బాగుంది అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. పులుసు కూడా బాగుంటుంది, నీకేం గుర్తుండిపోయిందో అది రాయి అనేవారు. మధ్యలో ఆపేసినా సిగ్గుపడక్కర్లేదు, ఏ పేజీలో ఆపావో, ఎందుకు విసుగొచ్చిందో అదే రాయమనేవారు. ఆ కాగితాల మీద మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. తరగతిలో నోరెత్తని మగపిల్లలు కూడా అక్కడ ఏదో ఒకటి రాసేవారు. నాకంటే ముందు చదివినవాళ్ళు రాసినది సరైందో కాదో తేల్చుకోవాలన్న పంతంతో నేను చివరిదాకా చదివిన పుస్తకాలు చాలా ఉన్నాయి. చదివిన ప్రతి పుస్తకాన్నీ గుర్తుపెట్టుకోవడం, దాని గురించి నాదైన ఒక మాట వెతుక్కోవడం నాకు అక్కడే అబ్బింది.

మా అమ్మకు చదువు రాదు. తను వల బాగుచేసుకుంటూ నన్ను పైకి చదవమనేది. ఓ నవలలో అత్తగారు కోడల్ని బయటికి గెంటేసే ఘట్టం దగ్గర నేను కావాలనే ఆపేసి, మిగతాది నేనొక్కదాన్నీ చదివేసుకుని, అమ్మకు చెప్పకుండా ఏడిపించాను. మర్నాడు అమ్మ బజారు నుంచి వస్తూ గంప దింపకుండానే మా తరగతి గుమ్మంలోకి వచ్చింది. "టీచర్ గారండీ, ఆ పిల్ల మళ్ళా మొగుడి దగ్గరికెళ్ళిందా అండీ? మా నాంచారి చెప్పనంటందండి" అని అడిగింది. తరగతంతా నవ్వింది. టీచరు గారు మాత్రం నవ్వకుండా, నేనూ చెప్పనమ్మా, ఇవ్వాళ నీ కూతురే చదివి వినిపిస్తుంది, వినిపించకపోతే రేపు నాతో చెప్పు అన్నారు. మా అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. చదువుకున్న మనిషి తనతో పుస్తకం గురించి మాట్లాడిందని ఊరంతా చెప్పుకుంది.

నేను తొమ్మిదిలో ఉన్న ఏడాది తుఫాను వచ్చింది. మా తీరానికి తుఫాన్లు కొత్త కాదు గాని, ఆ ఏడాది సముద్రపు నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. ముందే అందరినీ షెల్టరుకు తరలించారు. బయల్దేరే తొందరలో అమ్మ నా దగ్గరున్న బడి పుస్తకాలను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, వలతాడుతో ఇంటి దూలానికి గట్టిగా కట్టింది. రేషన్ కార్డు కూడా ఆ మూటలోనే పెట్టింది. మా ఇంట్లో ఆ పుస్తకాలకు ఏ విలువ ఉండేదో దీన్నిబట్టి మీరే తెలుసుకోండి. అలా చేసింది మా అమ్మ ఒక్కతే కాదు. నీళ్ళు తగ్గాక చూస్తే, అటకల మీదా, మూత బిగించిన డబ్బాల్లోనూ, కొంతమంది తమతో షెల్టరుకు తెచ్చుకున్న బట్టల మూటల్లోనూ, పిల్లలకు ఇచ్చిన పుస్తకాలు చాలా వరకు బతికి బయటపడ్డాయి. పోయినవి కొద్దే. కోటేశ్వరి వాళ్ళ ఇల్లు గోడలతో సహా కూలిపోయింది. అది తన పుస్తకం తాలూకు అట్ట ఒక్కటీ బురదలోంచి ఏరి, కడిగి తెచ్చి టీచరు గారి చేతిలో పెట్టింది. ఇల్లు పోయిననాడు పుస్తకం కోసం వెతికావా తల్లీ అంటూ ఆవిడ కోటేశ్వరిని దగ్గరికి తీసుకున్నారు.

బడిలో ఉన్న పుస్తకాల సంగతి వేరే. నీళ్ళు కిటికీల ఎత్తున వచ్చాయి. బీరువా తలుపు ఉబ్బి బిగుసుకుపోతే గునపం పెట్టి పగలగొట్టారు. లోపల అన్నీ ఉప్పునీళ్ళు తాగి ఒకే ముద్దయిపోయాయి. ఏ పుస్తకం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియలేదు. బడి వెనక గొయ్యి తీసి పూడ్చారు.

ఇక్కడి నుంచి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. నష్టం అంచనా వెయ్యడానికి పై నుంచి ఓ అధికారి వచ్చాడు. హెడ్మాస్టరు గది ఇంకా తడిగా ఉందని మా తరగతిలోనే బల్ల వేశారు. మేం కింద కూర్చున్నాం, అందుకే అంతా చూశాం. బీరువాలో పాడైన పుస్తకాల గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ప్రకృతి వైపరీత్యం అని రాసి కొట్టేశాడు. ఇళ్ళకు ఇచ్చిన వాటిలో పోయిన కొద్ది పుస్తకాల దగ్గర ఆయన కలం ఆగింది. బడి ఆవరణ దాటాయి కాబట్టి అది టీచరు నిర్లక్ష్యం అన్నాడు. క్షేమంగా తిరిగొచ్చిన వాటినీ వదల్లేదు. చేపల వాసన కొడుతున్నాయన్నాడు, మరకలన్నాడు, వెనక కాగితాలు అంటించి పిచ్చిరాతలు రాయించి ప్రభుత్వ ఆస్తిని పాడుచేశారన్నాడు.

ఆ పిచ్చిరాతల్లో ఒకటి తీసి పైకి చదివాడు. అది ఓ రాజుల కథ వెనక కోటేశ్వరి రాసింది. "రాజు కొడితే రాణి గుర్రమెక్కి వెళ్ళిపోయింది. మా అమ్మకు గుర్రం లేదు." చదివి ఆయన నవ్వాడు. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరు గారూ నవ్వారు. కోటేశ్వరి తల మోకాళ్ళలో దాచుకుంది.

"నవ్వకండి సార్" అన్నారు టీచరు గారు. గొంతు పెంచలేదు. "ఆ పిల్ల ఇక్కడే కూర్చుని ఉంది."

ఆయన నవ్వు ఆపి, రూళ్ళు తెలియకుండా ఉద్యోగం ఎలా చేస్తున్నారమ్మా అన్నాడు. ఆవిడ ఓ అడుగు ముందుకు వేశారు. "బీరువాలో ఉండి నాశనమైన పుస్తకాలకి ఎవరి తప్పూ లేదు. ఇళ్ళల్లో బతికొచ్చిన పుస్తకాలకి నాది తప్పు. ఇదేనా అండీ మీరు రాసుకుంటున్నది?" అని అడిగారు. రూలు అదే అన్నాడాయన. ఇన్నేళ్ళలో నేను ఆ జవాబును ఎన్ని విధాల తిప్పి చూశానో నాకే తెలియదు. ఎటు నుంచి చూసినా దానికి ఒకటే అర్థం. పుస్తకం కొన్నది చదవడానికి కాదు, లెక్క చూపించడానికి. లెక్క సరిపోతే చెదలు తిన్నా, సముద్రం తాగినా పరవాలేదు. ఓ జాలరి పిల్ల చదివితేనే ప్రమాదం.

సంగతి తెలిసి మా అమ్మ మరి కొంతమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, "అయ్యా, మా ఇంటో గిన్నెలు పోయినియ్యండి, కోళ్ళు పోయినియ్యండి. పుస్తకాలు పోలేదండి. దూలానికి కట్టానండి" అని చెప్పింది. ఆ అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వీళ్ళను బయటికి పంపమని అటెండరుకు సైగ చేశాడు.  అమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోతూ చీర కొంగు ఓసారి వాసన చూసుకుంది. ఆ ఒక్క దృశ్యం చాలు, ఆ మనిషిని నేను జీవితాంతం క్షమించకుండా ఉండడానికి.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారు టీచరు గారికి దారి చూపించారు. పెద్ద పనేమీ లేదట. పిల్లలే తనకు చెప్పకుండా బీరువాలోంచి పుస్తకాలు తీసుకుపోయారని ఓ కాగితం రాసిస్తే చాలట. పిల్లల మీద కేసులు ఉండవు, ఆవిడ సర్వీసు శుభ్రంగా ఉంటుంది. "జాలర్ల పిల్లలు ఎత్తుకుపోయారంటే ఎవరైనా నమ్ముతారమ్మా" అన్నారట. ఆయన దృష్టిలో అదీ సాయమే. ఆవిడ కావాలంటే ఆ కాగితం రాసి ఉండవచ్చు. ఊళ్ళో ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఇంటి దగ్గర చదువుకుంటున్న కూతురుంది, అంతంతమాత్రంగా నడిచే సైకిలు షాపుంది, ప్రమోషన్ దగ్గర్లో ఉంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ మా తరగతికి వచ్చి, మీ గురించి నేనో కాగితం ఇస్తున్నాను, అందులో ఏముందో ముందు మీరు వినాలి అని చెప్పి చదివారు. అందులో రెండే వాక్యాలు ఉన్నాయి. "పుస్తకాలు నేనే ఇచ్చాను. మళ్ళీ ఇస్తాను."

మేం చప్పట్లు కొట్టలేదు. అది ఎంత పెద్ద మాటో తెలిసే వయసు కాదు మాది. ఎత్తుకుపోయారని రాయమన్న సంగతి కూడా మాకు అప్పటికి తెలియదు. నాకది కొన్నేళ్ళ తర్వాత గుడివాడలో తెలిసింది.

ఛార్జి మెమో వచ్చింది. ఏడాది మధ్యలోనే ఆవిడను పమిడిముక్కల వైపు ఓ బడికి బదిలీ చేశారు. ప్రమోషన్ ఆగిపోయింది, ఎన్నేళ్ళకూ కదల్లేదు. తుఫాను సమయంలో బడి ఆస్తిని కాపాడినందుకు మా హెడ్మాస్టరు గారికి మాత్రం ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇది నేను కల్పించి రాస్తున్నాననుకుంటారేమో. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించి ఆయన కుర్చీ వెనక వేలాడదీశారు, పాత బీరువా ఉండే చోటికి పైన. దాని కింద కొత్త బీరువా వచ్చింది, ఈసారి ఇనపది. నేను పదో తరగతి పూర్తిచేసి బయటికి వచ్చేదాకా దాని తలుపు తెరవగా చూడలేదు. ఇంటి దగ్గర అమ్మ వల ముందు కూర్చుని, ఏదన్నా చదవవే అని అడగబోయి, గుర్తొచ్చి ఊరుకునేది.

ఇంటర్ తర్వాత నాకు గుడివాడలో నర్సింగ్ కోర్సులో సీటొచ్చింది. ఊళ్ళో దిగిన వారమే సైకిలు షాపు ఆనవాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి, కూర్చోమనకుండానే ఇప్పుడేం చదువుతున్నావని అడిగారు. ఫిజియాలజీ అని చెబితే, అది పరీక్ష కోసం, నీ కోసం ఏం చదువుతున్నావే అన్నారు. అప్పటి నుంచి నా ఆదివారాలన్నీ అక్కడే. రెండు గదుల ఇల్లు, వంటింటి అటక మీద కూడా పుస్తకాలే. అన్నిటి వెనకా తెల్ల కాగితాలు, వాటి మీద నాకు తెలియని ఊళ్ళ పిల్లల పేర్లు. పమిడిముక్కల బడిలోనూ బీరువా తెరిచారట, అక్కడా ఓ మెమో తిన్నారట. రెండో మెమో సంగతి ఆవిడ నవ్వుతూనే చెప్పారు. మొదటి దాని గురించి ఎప్పుడూ నవ్వలేదు.

ఆవిడకు ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఓ ఆదివారం తెలిసింది. వాళ్ళమ్మ ఓ పెద్ద రైతు ఇంట్లో పని చేసేదట. చిన్నతనంలో తల్లి వెంట వెళ్ళి, ఆ ఇంటి అరుగు మీద ఎవరో మరిచిపోయిన పుస్తకం ముట్టుకోబోతే చేతి మీద కొట్టారట. పాలు పిండే చెంబు ముట్టుకున్నా కొట్టేవాళ్ళు కాదేమో, పుస్తకం ముట్టుకుంటే కొట్టారు అన్నారు. తర్వాత మిషన్ హాస్టల్లో చేరి, చేతికందిన ప్రతి పుస్తకం చదివారు. ఆ దెబ్బ మాత్రం ఆవిడ మరిచిపోలేదు. మా బీరువాకు వేసిన తాళంలో ఆవిడకు ఆ చెయ్యే కనిపించి ఉంటుంది.

నేను ఆ అధికారినీ, హెడ్మాస్టరునీ ఎప్పుడు తిట్టినా ఆవిడ వారించేవారు కాదు. ఓసారి వాళ్ళ పాస్టరు గారు ఇంటికొచ్చి, మనసులో పెట్టుకోకండమ్మా, క్షమించెయ్యండి అని మెత్తగా చెప్పారు. ఆవిడ ఆయనకు టీ ఇచ్చి, "అడిగితే ఆలోచిస్తానయ్యగారూ. వాళ్ళు అడగలేదు. అడగనివాళ్ళకి ఎలా ఇవ్వను?" అన్నారు. పాస్టరు గారు టీ తాగి వెళ్ళిపోయారు.

ఆవిడ హెడ్మిస్ట్రెస్ కాకుండానే రిటైరయ్యారు. భర్త ముందే పోయారు. రెండేళ్ళ కిందట ఆవిడా పోయారు, నిద్రలోనే, పెద్దగా బాధపడకుండా. నేను బందరులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కబురు తెలిసి, పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చడానికి జరిపే ఆదరణ కూడికకు వెళ్ళాను. ఇంటి ముందు వీధిలో టెంటు వేశారు, పాటలయ్యాయి, ప్రార్థన అయ్యింది, పెద్దలు ఒక్కొక్కరే మైకు అందుకున్నారు. అందరూ ఒకటే మాట. ఓర్పుకు మారుపేరట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. ఏది వచ్చినా నవ్వుతూ భరించారట. నేను వింటున్నది ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. అంతలో ఓ ముసలాయన కర్ర సాయంతో లేచారు. మా హెడ్మాస్టరు గారు. ఆయన కూడా ఆవిడ సహనం గురించే మాట్లాడి, తాను ఆవిడకు ఓ కష్టంలో సలహా ఇచ్చి అండగా నిలిచానని చెప్పి కూర్చున్నారు. తర్వాత బంధువు ఒకాయన, సలోమి గారి పుస్తకాలన్నీ ఓ అద్దాల బీరువాలో పెట్టి, పైన ఆవిడ ఫొటో ఉంచి, కమ్యూనిటీ హాల్లో భద్రపరుస్తామని ప్రకటించాడు. అందరూ బాగుందన్నారు.

నేను లేచాను. మైకు ఎవరూ ఇవ్వలేదు, నేనే వెళ్ళి తీసుకున్నాను. నా పేరు, మా ఊరు చెప్పి, ఆవిడకు ఓర్పు లేదండీ అన్నాను.  "ఆవిడకి ఓర్పే ఉంటే మా చేతికి పుస్తకాలు వచ్చేవి కాదు. మా టీచరు గారికి కోపం ఉంది. ఆఖరిదాకా ఉంది. ఆ కోపానికి కారణమైనవాళ్ళు ఇక్కడికొచ్చి దాన్ని ఓర్పు అంటే నేను ఒప్పుకోను" అన్నాను. తుఫాను సంగతి, రుమాలు సంగతి, పిల్లల్ని దొంగలని రాయమన్న సంగతి, ఆవిడ రాసిన రెండు వాక్యాల సంగతి, అన్నీ చెప్పాను.  చావు ఇంట్లో ఇవేం మాటలమ్మా అని ఎవరో అన్నారు. అప్పుడు ఆవిడ కూతురు రూత్ నా పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మ వాళ్ళని ఇంట్లో రోజూ తిట్టేదండి. ఈ అక్క చెప్పింది నిజం" అంది.

భోజనాలు జరుగుతుండగా నేనూ రూతూ ఇంట్లోకి వెళ్ళాం.  అటక మీదివి తను అందిస్తే నేను కిందికి దించాను. చేతులు కడుక్కుని బయటికి వచ్చే ప్రతివాళ్ళ చేతిలో ఓ పుస్తకం పెట్టాం. ఫొటో బీరువా ప్రకటించిన బంధువు, ఇదేంటమ్మా, మేం హాల్లో మాట్లాడేశాం కదా అన్నాడు. రూత్ ఆయన చేతిలోనూ ఓటి పెట్టింది. వంటవాళ్ళు తీసుకున్నారు, టెంటు విప్పడానికి వచ్చినవాళ్ళు తీసుకున్నారు, ఆటోవాళ్ళు తీసుకున్నారు. కొందరు మొహమాటానికి, కొందరు నిజంగా బొమ్మలు చూసి ముచ్చటపడి. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయిపోయింది.

హెడ్మాస్టరు గారు భోజనం ముగించి అందరికంటే ఆలస్యంగా వచ్చారు. నేను ఓ సన్నటి కథల పుస్తకం ఇచ్చాను. ఆయన వెనక అట్ట తిప్పి, ఆ తెల్ల కాగితం మీది పేర్లు కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూశారు. చాలాసేపు చూశారు. నేనెవరో గుర్తుపట్టారో లేదో తెలియదు. చివరికి, దీన్ని తిరిగి ఎక్కడ అప్పజెప్పాలమ్మా అని అడిగారు.

"అప్పజెప్పక్కర్లేదండీ, చదవండి" అన్నాను.

ఆయన క్షమాపణ అడుగుతారని ఓ క్షణం అనుకున్నాను. అడగలేదు. పుస్తకాన్ని ఆఫీసు ఫైలులా చంకలో పెట్టుకుని, కర్ర ఊతంతో వీధి చివరిదాకా నడిచి వెళ్ళిపోయారు.

నేనిప్పుడు పనిచేసే వార్డులో పేషెంట్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళకు నా పుస్తకాలు ఇస్తుంటాను. కొన్ని వస్తాయి, కొన్ని డిశ్చార్జితో పాటే ఊళ్ళకు వెళ్ళిపోతాయి. పోయినవాటి గురించి నాకు ఏనాడూ బెంగ లేదు. ఇన్నేళ్ళయింది, ఇక ఆ పాత సంగతి వదిలెయ్యి, వయసుతో పాటు మనిషి చల్లబడాలి అని మా ఇంట్లో అంటారు. సలోమి టీచరు గారు నాకిచ్చిన పుస్తకాలన్నీ నేను ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాను. కోపం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.